పూర్ణిమ తెచ్చిన స్టే ఆర్డరు

నేను దస్తావేజులు రాసేవాణ్ని. శంషాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న షట్టర్లో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాను. వేలిముద్ర కోసం తల్లిని మంచంతో సహా మోసుకొచ్చిన కొడుకులను చూశాను. పెంటయ్యకు నోటి దురుసు ఎక్కువ, జాలి తక్కువ అని మా ఆవిడే అందరికీ చెబుతుంది. చెప్పుకోనీ, అబద్ధమేం కాదు. కానీ పూర్ణిమ వచ్చిన రోజు నా దురుసుకు నాకే సిగ్గేసింది.

ఆమెది బుద్వేల్. విమానాల్లో పెట్టే భోజనాలు వండి సర్దే వంటశాలలో పదకొండేళ్లుగా పని. భర్త కొండల్ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఆమె జీతంతో కట్టిన చిట్టీ ఎత్తి, హిమాయత్ సాగర్ వైపు నూట యాభై గజాల ప్లాటు కొన్నారు. మగవాడి పేరున ఉంటేనే మర్యాద అని అత్త పట్టుబట్టడంతో కాగితం కొండల్ పేరున అయింది. అది రాసింది నేనే. ఆ రోజు పూర్ణిమ ఇక్కడే ఓ మూల నిలబడి ఉంది. నేను ఆమె పేరు కూడా అడగలేదు.

ఇప్పుడు కొండల్ విడాకుల కేసు వేశాడు. అది తేలకముందే ప్లాటు అమ్మేయాలని, కూరగాయలు పండించే చెన్నయ్యతో బేరం కుదుర్చుకున్నాడు. కేసు సంగతి నా దగ్గర దాచాడు. పూర్ణిమ వచ్చిన రోజే పదకొండున్నరకు రిజిస్ట్రేషన్ స్లాటు. అమ్మకం కాగితం నేనే రాసి సిద్ధంగా పెట్టాను.

పదిన్నరకు పూర్ణిమ రొప్పుతూ వచ్చింది. వంటశాల టోపీ తలమీద అలాగే ఉంది. సంచిలోంచి ఓ కాగితం తీసి నా బల్లమీద పెట్టింది. కొండల్ ఆ ప్లాటు అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు అని కోర్టు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వు. సర్టిఫైడ్ కాపీయే, ముద్ర కూడా ఉంది. అయితే వానకు తడవకూడదని దానికి లామినేషన్ చేయించింది! మనవాళ్లంతా ఇంతే. పదో తరగతి మెమో అయినా, కులం సర్టిఫికెట్టు అయినా, ప్రాణంగా చూసుకునే కాగితాన్ని ముందు ప్లాస్టిక్‌లో వేయించేస్తారు.

నాకు ఒళ్లు మండింది. "ఏందమ్మా గిట్ల చేసినవ్? లోపల దీన్ని తీసుకోరు. ముద్ర అసలుదో కాదో ఎట్ల తెలుస్తది?" అని కసిరాను.

కొత్త కాపీ కావాలంటే నాలుగు రోజులైనా పడుతుంది. ఆమె లాయరుకు ఫోన్ చేసింది, స్విచాఫ్. మళ్లీ చేసింది. గోటితో ప్లాస్టిక్ అంచు పీకబోతే చిరిగిపోతుందని నేనే లాక్కున్నాను. ఆమెను కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటున్నారట. ఆ ప్లాటులో ఒక రేకుల గది వేసుకుందామనుకుందట. అదీ పోతే ఇక నిలబడే చోటు లేదని చెప్పింది. కోర్టు మాట కాదని అమ్మితే కొండల్‌కు శిక్ష పడుతుందని ధైర్యం చెప్పబోయాను.

"ఆయనకు శిక్ష పడితే నా ప్లాటు నాకొస్తదా సారూ?" అంది.

ఆమె అన్నది నిజమే. ఒకసారి చేతులు మారాక కొన్నవాడితో ఇంకో కేసు, ఇంకో పదేళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పదకొండూ పదికి కొండల్, చెన్నయ్య కారు దిగారు. ఆమెను చూడగానే కొండల్ ముఖం మాడింది. దానికి మతి చెడిందని చెప్పి, పట్టించుకోకుండా లోపలికి నడవమని చెన్నయ్యను తొందరపెట్టాడు. పూర్ణిమ అరవలేదు, ఏడవలేదు. ఆ కాగితాన్ని తీసుకెళ్లి చెన్నయ్య చేతిలో పెట్టింది. ఆయనకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి నాకు అందించాడు.

"పెంటయ్యా, నా కాగితం రాసినోడివి నువ్వే. ఇండ్ల ఏమున్నదో జర సదువు."

కొండల్ నావైపే చూస్తున్నాడు. నాకు గిరాకీ పంపేది అతనే. అయినా ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ గట్టిగా చదివాను. మధ్యలో విమానం మోతకు ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివాను. ఆఖరి లైను మాత్రం కావాలనే వదిలేశాను.

చెన్నయ్య తను తెచ్చిన డబ్బు సంచి చంకన పెట్టుకున్నాడు. "కోర్టుల ఉన్న జాగ నాకెందుకురా కొండలూ? పైసలిచ్చి కిరికిరి కొనుక్కోమంటవా?" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

పూర్ణిమ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. కొండల్ కాగితం అందుకుని ఆ ఆఖరి లైను మీద వేలు పెట్టి నవ్వాడు.

"గిది సదువలేదేంది కాకా? ఇరవై నాలుగో తారీకు దాకనే. ఇరవై అయిదుకు ఇంకోణ్ని పట్కొస్త."

అతను వెళ్లాక, ఏమిటది అని ఆమె అడిగింది. చెప్పక తప్పలేదు. ఉత్తర్వు ఇరవై నాలుగున ఉన్న కోర్టు వాయిదా వరకే అమల్లో ఉంటుంది, ఆ రోజు జడ్జి సెలవు పెట్టినా, లాయరు పొడిగించమని అడగడం మరిచినా అంతే సంగతి. ఆమె ముఖం పాలిపోయింది. ఆమెను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఏమైనా సరే ఆ ప్లాటు కాగితం నేను రాయనని మాటిచ్చాను.

ఆమె వరసగా ఉన్న షట్టర్లవైపు చూసింది. అన్నిటి ముందూ నాలాంటివాళ్లే.

"మీరు రాయకుంటే పక్కాయన రాస్తడు గద సారూ," అంది. "కొనెటోనికి కేసున్నదని నేనే నిలబడి చెప్త. ఇరవై అయిదున అందరికంటె ముందుగాల ఎవరు తెరుస్తరో జర చెప్పుండ్రి."