నమలని కుక్క పళ్ళు

మంగళవారం పొద్దున ఏడుంబావుకు మా కుక్క సంగటి గిన్నె వాసన చూసి, తినకుండా లేచిపోయింది. తొమ్మిదేళ్ళలో అది తిండి వదలడం అదే మొదలు. నేను క్యాలెండరులో ఆ గడిలో ఒక గీత పెట్టాను.

"ఎండకు అట్లుండాదిలే" అన్నారు మా ఆయన. బయట జల్లు పడుతోంది.

రాగి సంగటిని మా వైపు ఎవరూ నమలరు. తుంచి, పులుసులో ముంచి, మింగడమే. నమిలేవాణ్ణి చూస్తే పై ఊరివాడని తెలిసిపోతుంది. ఈ మర్యాదను మా ఆయన కుక్కకూ నేర్పారు. అది పిల్లగా వచ్చిన నాటినుంచి ఉసిరికాయంత ఉండలు చేసి, పాలలో ముంచి నోట్లో వేసేవారు. అది గుటుక్కున మింగేది. "మన ఊరు కెంచార్లహళ్ళి మొత్తానికి పద్ధతిగా తినే కుక్క ఇదొక్కటే" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

బుధవారం సాయంత్రానికి, రోజుకు రెండు పూటల లెక్కన, గీతలు నాలుగయ్యాయి. దాని నోటి వాసనకు నేను ముక్కు మూసుకుంటే, ఆయన పక్కనే కూర్చుని "నాకేమీ రాలేదే" అన్నారు. నేనే దాని పెదవి ఎత్తి చూశాను. దవడ పళ్ళమీద గోధుమరంగు పెచ్చు, చిగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆయన తన పళ్ళపొడి తెచ్చి వేలితో రుద్దబోయారు. కుక్క మంచం కిందికి దూరింది.

గురువారం పదిన్నరకు చింతామణిలో పశువుల డాక్టరమ్మ ముందు కూర్చున్నాం.

"ఏం పెడతాండారప్పా?"

"సంగటమ్మా. మెత్తగా. ఒక్కనాడూ నమలనీలేదు."

"పళ్ళు ఎన్నిసార్లు తోమినారు?"

"కుక్కకు యాడన్నా పళ్ళు తోముతారామ్మా?"

"తోమల్లప్పా. మెత్తంది అంటుకుని పాచి పట్టింది. అది గట్టిపడి చిగురు కిందికి దిగింది. కొన్నిటికి వేర్లకాడ చీముండాది. అవి పీకల్ల."

ఆయన జేబులోంచి పళ్ళపొడి డబ్బా తీసి చూపించారు.

"మనుషులది వద్దప్పా. దానికి ఉమ్మేది రాదు, మింగేస్తుంది."

"మింగేది నేర్పిన గురువు ఈయనే" అన్నాను. డాక్టరమ్మ తల వంచుకుని నవ్వింది.

మత్తు ఇచ్చి చేయాలనేసరికి ఆయన ముఖం మారిపోయింది.

"ముసలిది గదమ్మా. మత్తులోనుంచి లేయకపోతే?"

"రక్తం పరీక్ష చేసి, గుండె చూసి ఇస్తాం. అసలు భయమే లేదని నేను చెప్పను. ఇట్లే వదిలితే మాత్రం నొప్పికి తిండే మానేస్తుంది."

ఆయన పళ్ళపొడి డబ్బాను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. చివరికి "పళ్ళు పోతే ఎట్ల తింటాది?" అని నన్ను అడిగారు.

"ఉన్నప్పుడు వాటితో తినిందా?" అన్నాను. అయినా నా చేతులు కుక్క మెడ మీదే ఉన్నాయి.

శనివారం తొమ్మిదికి లోపలికి తీసుకెళ్ళారు. ఆయన తలుపు దగ్గర గంటా నలభై నిమిషాలు నిలబడే ఉన్నారు. టీ తెస్తే ముట్టలేదు. బయటికి తెచ్చినప్పుడు దాని నాలుక పక్కకు వేలాడుతోంది. ఆయన పిలిస్తే తోక ఒక్కసారి కదిలింది. "లేసింది" అన్నారు, తానే లేపినట్టు.

ఆదివారం సాయంత్రం జావలాంటి సంగటి తినింది. ఇప్పుడు రోజూ పొద్దున ఆయన కుక్కల పేస్టు, చిన్న బ్రష్షు పట్టుకుని "నోరు తెరువు తల్లీ" అని దాన్ని బతిమాలుతారు. రాత్రి పళ్ళు తోముకోమని నలభై ఒక్క ఏళ్ళుగా నేను చెబుతున్నా వినని మనిషి.

మొత్తం పోయినవి: నలభై రెండు పళ్ళలో దవడవి అయిదు, ముందుది ఒకటి. పదకొండు పూటల తిండి. ఒంటి బరువులో కిలోంబావు.