గొడ్డుపూలు

నేతింటి కోడలు అండాలు చెయ్యి మంచిదని రామన్నపేట సాలెవాడంతా ఒప్పుకునేది ఒకప్పుడు. మునగకొమ్మ విరిచి పాతినా, మల్లెతీగ వంచి మట్టి కప్పినా చిగురించాల్సిందే. పెళ్లయి తొమ్మిదేళ్లయినా కడుపు పండకపోయేసరికి ఆ చెయ్యే చెడ్డదైంది. లోకానికేం, ఎటంటే అటు మాట్లాడుతుంది.

1961 వానాకాలంలో అత్త బిక్షమ్మ తేల్చి చెప్పేసింది. దసరా వెళ్లగానే తన తమ్ముడి బిడ్డను తెచ్చి కొడుకు ఐలేశానికి రెండో పెళ్లి చేస్తుందట. ఐలేశం గుంటమగ్గంలో కూర్చుని నేస్తూనే ఉన్నాడు. మంచివాడే పాపం, తల్లి ముందు మాత్రం నోరు పెగలదు.

ఆ ఏడాది అండాలు పెరట్లో గుమ్మడి పెట్టి దానిమీద పంతం పట్టింది. నాలుగు కాయలు కాస్తే తన చేతికి పడ్డ మచ్చ పోతుందని ఆశ. గుమ్మడికి అడుగున చిన్న పిందెతో వచ్చే పూలు కొన్నే, పొడుగు కాడతో ఉత్తగా పూసేవే ఎక్కువ. ఉత్త పూలను ఆ వాడలో గొడ్డుపూలంటారు. ఆ మాట చెవిన పడితేనే అండాలుకు ఒళ్లు మండేది. తీగ బలమంతా పిందెలకే పోవాలని రోజూ తెల్లారగానే వాటిని మొగ్గలతో సహా తెంపి కుప్ప మీద పారేసేది. అయినా పిందెలు నిమ్మకాయంతయి, పచ్చబడి రాలిపోయేవి. గొడ్రాలు పెట్టిన పాదు కాస్తుందా అని బిక్షమ్మ గోడ అవతలికి వినబడేలా అనేది. అండాలు వంటింట్లో కూర్చుని ఏడ్చేది.

ఊళ్లు తిరిగే గ్రామసేవిక శారదమ్మ ఒక పొద్దున వచ్చి, కుప్ప మీది పూలు చూసి నెత్తి కొట్టుకుంది.

"గివి గొడ్డువని నీకెవరు చెప్పిండ్రు? మగపూలు గివి. మునగకొమ్మ ఒంటిగ బతుకుతది, గుమ్మడి గట్ల గాదు. గీ పుప్పొడి ఆడపువ్వు మీద పడితేనే పిందె నిలుస్తది. మగపూలన్ని తెంపేసి, కాయలేదని పాదునంటే ఎట్ల?"

అని ఒక మగపువ్వు రెక్కలు ఒలిచి, పిందె ఉన్న పువ్వుకు అద్ది చూపించింది. మర్నాటి నుంచి అండాలే అద్దింది. పిందెలు రాల్లేదు. దసరా నాటికి అయిదు కాయలు బిందెలంతయ్యాయి.

వాడంతా వచ్చి చూసి మెచ్చుకుంది. అండాలుకు మాత్రం సంతోషం కలగలేదు. శారదమ్మ మాటే మనసులో మెదులుతూ ఉంది. పండుగ మర్నాడు బిక్షమ్మ తమ్ముడి ఊరికి బయలుదేరుతుంటే గడపకు అడ్డం నిలబడింది.

"తొమ్మిదేండ్ల సంది మొక్కులు నేనే మొక్కిన, మందులు నేనే మింగిన. ఆయనను ఒక్కనాడన్న దవాఖానల చూపిచ్చినవా, అత్తమ్మా?"

మగవాణ్ణి అంత మాట అనడం ఆ ఇంట్లో అదే మొదలు. బిక్షమ్మ చెయ్యెత్తింది. ఐలేశం మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆ అనుమానం అతనికీ ఏళ్లుగా ఉంది, బయటపెట్టే ధైర్యమే లేకపోయింది.

"ఆ పిల్లను తేకమ్మా," అన్నాడు తల వంచుకుని. "రేపు గామెను గూడ గొడ్రాలనే అంటవు."