చివరింటి నుంచి మొదలు

మొన్న తనకల్లు బస్సులో పక్క సీటు ముసలాయన నశ్యం డబ్బా మూత తీశాడు. ఆ ఘాటుకు తుమ్మొచ్చింది, రోజూ నశ్యం పీల్చే మా ఊరి ఓబుళరెడ్డి తాత కూడా గుర్తుకొచ్చాడు. మా అమ్మ ఆయన చేలో కూలికి పోయేది. ఆయన కళ్లకు పొర కమ్మాక, మా కింది వీధిలో చదువుకునే పిల్లను నేనే కాబట్టి, రోజూ పొద్దున పై వీధిలోని ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదివి వినిపించేదాన్ని. చదవడం సగం, వాదులాట సగం. ఈ రోజు అనంతపురం కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతున్నానంటే ఆ అరుగు పుణ్యమే.

వాదులాట ఎప్పుడూ అప్పటి ముఖ్యమంత్రి గురించే. మా వీధికి ఆయన దేవుడు. ఒక కరువేడు మా ఊరికి వచ్చినప్పుడు, నీళ్ల ట్యాంకరు పై వీధి బిందెలన్నీ నింపాకే మా దగ్గరికి రావడం, మాకు అడుగు బురద మిగలడం చూశాడు. "రేపటి నుంచి చివరింటితో మొదలుపెట్టండి" అని అక్కడికక్కడే చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి ట్యాంకరు ముందు మా వీధికే వచ్చేది. తాతది ఎదుటి పార్టీ. ఆ ముఖ్యమంత్రి పేరెత్తితే ఆయనకు ఒళ్లు మంట.

"ఇది సిద్ధాంతం కాదమ్మీ, మోజు. సిద్ధాంతమంటే మనిషి పోయినా నిలబడాల. ఆయప్ప పోతే ఇదంతా ఆయప్పతోనే పోతాది" అనేవాడు.

ముఖ్యమంత్రి చనిపోయిన మర్నాడు పేపరు చదువుతూ ఏడ్చేశాను. తాత ఎగతాళి చేయలేదు. చివరి అక్షరం దాకా చదివించుకుని, "ఇంక చూడమ్మీ" అన్నాడంతే. కొన్నేళ్లు ఏమీ మారలేదు. నేను డిగ్రీలో ఉండగా తాత పార్టీ గెలిచింది, ఆయన తమ్ముడు సర్పంచి అయ్యాడు. ఆ ఎండాకాలం మొదటి ట్యాంకరు పై వీధిలోనే ఆగిపోయింది. మా అమ్మావాళ్లు ఖాళీ బిందెలతో దూరంగా నిలబడ్డారు. తాత మాటే నిజమైందనుకున్నాను.

అంతలో తాత కర్ర పొడుచుకుంటూ అరుగు దిగి, ఇంజను చప్పుడును బట్టి నడిచి, ట్యాంకరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఈడెందుకు నిలిపినార్రా? కింది వీధికి పోనీండి."

"అన్నా, ఇప్పుడు మన గవర్మెంటు కదా..." సర్పంచి నీళ్లు నమిలాడు.

"గవర్మెంటు మారితే పద్ధతి మారుతాదేమిరా? చివరింటి కాడ్నించి కదా మొదలు!"

పై వీధి నోరెళ్లబెట్టింది. ఆయన జరగలేదు. చివరికి ట్యాంకరే కదిలి మా వీధికి వచ్చింది.

మర్నాడు పేపరు విప్పకముందే అడిగాను. "తాతా, నిన్న నువ్వు చెప్పిన మాట ఎవరిదో తెలుసా?"

"ఎవురిదేంది? మనూరి పద్ధతి. మా నాయన కాలం నుంచీ ఉండాది."

ఆ ముఖంలో నటన కోసం వెతికాను, లేదు. జీవితమంతా తిట్టిన మనిషి మాటను ఆయన తన తండ్రి సొత్తు చేసుకున్నాడు. అంత మొండి మనిషిలోకి అది ఏ దారిన దూరిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. నిజం చెబితే ఎక్కడ వెనక్కి తీసుకుంటాడోనని నోరు మూసుకుని పేపరు చదివాను.

ఏటా క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు, ఫలానా నాయకుడిది సిద్ధాంతమా, వట్టి జనాకర్షణా అని. పుస్తకంలో ఉన్నది చెబుతాను. నా మటుకు నేను మాత్రం కటౌట్లకు పాలు పోసేవాళ్లను అడగను. ఆ నాయకుడి పేరు చెబితే మండిపడే ఇళ్లకు వెళ్లి, అక్కడ "మా నాయన కాలం నుంచీ" అంటూ ఏం పాటిస్తున్నారో వింటాను.