మా కంప్యూటరమ్మ

ఆగిరిపల్లి మామిడి రైతుల ఆఫీసులో కంప్యూటరు చూసే ఆవిణ్ణి అందరం కంప్యూటరమ్మ అనేవాళ్లం. ఏది చెడినా ముందు చేతులు కట్టుకుని చూసేది. ఒక వేసవిలో కంప్యూటర్లో కొత్త సిస్టం ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చినా అది లేవలేదు. ఏ లారీలో ఎవరి కాయలున్నాయో అందులోనే ఉంది. అది తెలియకపోతే లారీలు కదలవు, కాయలు కుళ్లిపోతాయి. మేనేజరుగారు తోటలో ఆయిలింజను తిప్పినట్టు స్విచ్చి వేసి తీస్తున్నారు.

"అది ఇంజను కాదండీ, కాసేపు వదిలెయ్యండి," అంది. చేతులు కట్టుకుని చాలాసేపు ఆలోచించి, పాత సిస్టం ఫ్లాపీతో దాన్ని లేపింది. ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నాయి.

"దేవునికి స్తోత్రం," అన్నాను.

"ముందు కాపీ చేసుకోనివ్వండి, తర్వాత ఎన్నైనా చెబుదురుగాని," అంది నవ్వుతూ.

సాయంత్రానికి లారీలన్నీ బయలుదేరాయి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెబుతూ ప్రభువును స్తుతించి, ఆవిడ పేరు కూడా చెప్పాను. సంఘమంతా రెండింటికీ ఆమేన్ అంది.