మంచినీళ్ళ బోరు మీద పుర్రె జెండా

ఆ రోజుల్లో (ఫోన్లో నెట్ చౌకైన కొత్తలో లెండి, మరీ తాతల కాలం కాదు) లోకాన్ని బాగుచేయడానికి కావలసిన సరంజామా అంతా నా దగ్గర ఉండేది: సగం చదివిన డిగ్రీ, పగిలిన స్క్రీను, స్పానర్ అనే స్నేహితురాలు. నకరికల్లు రోడ్డు మీద మెకానిక్ షెడ్డు వాళ్ళ నాన్నది కాబట్టి ఆ పేరు. ఆ షెడ్డులో ట్రాక్టరు నీడన కూర్చుని ఇద్దరం సముద్రపు దొంగల జపాన్ బొమ్మల సీరియల్ చూసేవాళ్ళం. అందులో సర్కారు వాళ్ళు వీపు మీద 'న్యాయం' అని రాసుకుని ఊళ్ళు తగలబెడతారు. దొంగలేమో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టి, బానిసల సంకెళ్ళు తెంచుతారు. దొంగెవరో దొరెవరో చేసే పనిని బట్టే తెలుస్తుందని మాకు అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు.

మా ఊళ్ళోనూ తెల్లబట్టల న్యాయం ఒకటి ఉండేది. ఆయన్ని అందరూ పెద్దయ్య అనేవారు. పంచాయతీ బోరు లోపలికి వచ్చేలా తన ప్రహరీ జరుపుకుని, గేటు పెట్టి తాళం వేశాడు. పొద్దున్నే తన మేడ మీద ట్యాంకు నింపుకుని, గేదెల్ని కడిగించుకుని, మనసైతే తాళం తీసేవాడు. మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో ఆ గేటు ముందు నిలబడి, "అయ్యా, రెండు బిందెలు పట్టుకుంటానయ్యా" అని రోజూ బతిమాలేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఏమైనా సరే, ఆ గేటు ఊడదీయించాలని పట్టుబట్టాను.

నాయనమ్మ పాత నల్లలంగా చింపి, సున్నంతో పుర్రె గీశాం. దానికి మా ఊరి తలపాగా చుట్టాం. ఎముకల బదులు రెండు స్పానర్లు (నా స్నేహితురాలి పట్టుదల). తెల్లారగట్ల గోడెక్కి బోరు పైపుకి కట్టేసి, విప్లవం కోసం ఎదురుగా అరుగు మీద కూర్చున్నాం.

పెద్దయ్య వచ్చి గేటు తీశాడు, జెండా చూసి రెండంగల్లో బయటికొచ్చి పడ్డాడు. వరసలో మొదటి బిందెతో ఉన్న పిన్ని ఆగిపోయింది.

"ఆగండే! మోటార్లో కరెంటు దిగినట్టుంది. బొమ్మ పెట్టారు!"

"కాదక్కా, నీళ్ళలో మందు కలిసిందేమో. పత్తి మందు డబ్బా మీద ఇదే బొమ్మ గదా!"

ట్రాన్స్‌ఫార్మర్ మీదా, పురుగుమందు మీదా తప్ప మావాళ్ళు పుర్రెను చూసిందెక్కడ? వీధి వీధంతా ఖాళీ బిందెలతో ఆమడ దూరాన నిలబడింది. పెద్దయ్యేమో లైన్‌మన్‌కి ఫోన్ చేస్తున్నాడు. ఇంకెవరూ కదిలేలా లేరని నేనే లోపలికి వెళ్ళి స్విచ్ నొక్కాను.

"ఒసేయ్, చస్తావే!" అని అరిచాడు పెద్దయ్య.

దోసిలి పట్టి కడుపారా తాగాను. "ఇది దొంగల జెండా పెద్దయ్యా. ఈ బోరు మేం పట్టుకున్నాం. ఇకనుంచి ఎవరూ ఎవర్నీ అడగక్కర్లా" అన్నాను.

నేను చావలేదని తేలాక ఆయనకు ధైర్యం వచ్చింది. "ముందు ఆ దరిద్రపు గుడ్డ పీకండి!"

నాయనమ్మ మెల్లగా వచ్చింది. ఆ రోజు అయ్యా అనలేదు, బతిమాలలేదు. బిందె పైపు కింద పెట్టింది. "గుడ్డ సంగతి తర్వాత. ముందు గేటు పీకు. ఊరి బోరుకి నీ తాళమేంది?"

"అవును, తాళమేంది?" అంది పిన్ని. ఆ వెనక వీధంతా అంది. స్పానర్ అప్పటికే గేటు బోల్టుకి పానా తగిలించి ఉంది. "విప్పేదా పెద్దయ్యా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. పంచాయతీ ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి. ఆయన వీధిని ఒకసారి, బిందెల్ని ఒకసారి చూసి, "విప్పి చావండి" అన్నాడు.

గేటు ఊడాక జెండా దించాం. నాయనమ్మ దాన్ని చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, పైన నిండు బిందె పెట్టుకుని ఇంటికి నడిచింది.

ఇప్పుడు నేను సర్కారు ఉద్యోగిని, అంటే ఆ సీరియల్ లెక్కన ఎదుటి పక్షం. ఏ ముసలమ్మైనా నా బల్ల ముందు చేతులు కట్టుకుని "అమ్మా" అంటే కూర్చోలేను, లేచి నిలబడతాను. స్పానర్ ఇప్పటికీ ఫోన్ చేయగానే, "ఏందే, ఇంకా మన పక్షమేనా?" అని అడుగుతుంది. "మన పక్షమేనే" అంటాను, ఎందుకైనా మంచిదని వీపు మీద రాతేమైనా ఉందేమోనని ఒకసారి తడుముకుని.