మేకుతో గీసిన వృత్తం

తడిగుడ్డతో పలకను తుడిస్తే ఒక వాసన వస్తుంది. ఎండిన నేల మీద నాలుగు చినుకులు పడ్డప్పటి వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ, అందులో రాతి చల్లదనం కూడా కలిసి ఉంటుంది. ఈరోజు పొద్దున గిద్దలూరులో కాలేజీకి బయల్దేరే ముందు ఆ వాసన తగలగానే మార్కాపురం గుర్తొచ్చి, పలకను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. దీని మీద ఎంత తుడిచినా పోని వృత్తం ఒకటుంది. ఇంటర్‌లో మాకు లెక్కలు చెప్పిన ఖాదర్ సార్ మేకుతో గీసింది. సార్ పోయిన ఎండాకాలంలో చనిపోయారు. ఆ వృత్తంతో చెప్పే పాఠం నేను మా క్లాసు పిల్లలకు చెప్పాల్సిన రోజు ఇది.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఒక సాయంత్రం నేను ఆయనకు టీ పట్టుకెళ్లేసరికి సార్ గేటు దగ్గర నిలబడి పలక ఒకటి అడుగుతున్నారు. నాయన మంచిది ఏరి, దుమ్ము తుడిచి మరీ ఇచ్చాడు. సార్ జేబులోంచి రెండు మేకులు, దారం ముక్క తీసి, ఒక మేకును నడిమధ్య ఆనించి, రెండోదానితో గుండ్రంగా బర్రున గీకేశారు. నాయన ప్రాణం విలవిల్లాడింది. గీత పడిన పలకను వాళ్లు చెత్త కుప్పలో పారేస్తారు మరి.

“ఏంది సార్ ఇట్ల చేస్తిరి! గీత పడినాక దాన్ని ఎవురు కొంటారు?”

“అమ్మేదానికి కాదులే అన్నా. పిల్లోళ్లు రాసేది, తుడిచేది చేస్తా ఉంటారు. వృత్తం మాత్రం తుడిచినా పోగూడదు నాకు” అన్నారు సార్. నాయన ఇంటికొచ్చాక కూడా చాలాసేపు గొణుక్కున్నాడు.

మర్నాడు క్లాసులో సార్ అడిగారు, ఒకటికి ఘనమూలం ఎంత అని. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు అందరం “ఒకటి” అని అరిచాం. “ఇంకా ఇద్దరుండారు. కనపడలేదని లేరనుకుంటే ఎట్ల?” అని పలక పైకెత్తారు. వృత్తం వ్యాసార్థం ఒకటి. కుడివైపు, సంఖ్యారేఖ మీద ఒకటి ఉండే చోట బలపంతో చుక్క పెట్టారు. అక్కడ బయల్దేరి మూడు సమానమైన అంగల్లో చుట్టి మళ్లీ అక్కడికే రావాలి. అంగకు నూట ఇరవై డిగ్రీలు. నూట ఇరవై దగ్గర ఒక చుక్క, రెండువందల నలభై దగ్గర ఇంకొకటి. చుక్క ఎంత అడ్డంగా జరిగిందో కాస్ చెబుతుంది, ఎంత నిలువుగా జరిగిందో సైన్ చెబుతుంది. ఆ సైన్ పక్కన i రాసుకుంటే మూలం చేతికొచ్చినట్టే. మూడింటినీ కూడితే సున్నా. ఆ తర్వాత ఈ లెక్క వచ్చినప్పుడల్లా సార్ ఒక చుక్క చెరిపి మళ్లీ కూడమనేవారు. గంట కొట్టాక ఆ చుక్కను తిరిగి పెట్టందే గడప దాటేవారు కాదు. “ఖాళీగా ఇడిసిపెట్టి పోగూడదు” అనేవారు. ఆయన చాదస్తానికి మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

రెండో ఏడాది పరీక్షల ముందు నాయన పోయాడు. రాతిదుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి, చివరికి నాలుగు మాటలు మాట్లాడేందుకు కూడా ఊపిరి చాలలేదు. నేను కాలేజీ మానేసి, పలకలకు చెక్కలు బిగించే పనికి పోతానని అమ్మతో చెప్పాను. అప్పుడు సార్ పలక చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చారు.

“పరీక్ష రాయవా అమ్మా?”

“నా వల్ల కాదు సార్.”

ఆయన బతిమాలలేదు. చాప మీద కూర్చుని మూడు చుక్కలూ పెట్టి, ఒకటి దగ్గరున్నదాన్ని వేలితో చెరిపేశారు. “మిగిలిన రెండూ కూడు” అన్నారు.

అలవాటు కొద్దీ కూడాను. కాస్ రెండుచోట్లా మైనస్ అర. సైన్‌లు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. “మైనస్ ఒకటి సార్” అన్నాను.

“అంటే ఎటు వాలినాయి?”

“పోయినదానికి ఎదురు దిక్కుకు.”

“ఎంత?”

“అది ఉన్నంత” అన్నాను, అంతే, ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ ఇద్దరమే. సార్ ఏడవనిచ్చారు. తర్వాత మెల్లగా, “తప్పేం కాదమ్మా. లెక్క అట్లనే వస్తాది” అని నా చేతికి బలపం ఇచ్చారు. నేను చుక్క పెట్టలేకపోయాను. కాసేపు చూసి ఆయనే పెట్టి వెళ్లారు.

లెక్కల పరీక్ష రాశాను. బయటికొస్తే పరీక్ష సెంటరు గోడ నీడన పిల్లల నాయనలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య సార్, తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసాతో. “తాగు ముందు. మూలాలు ఇచ్చినారా?” అన్నారు. ఆ తర్వాత డిగ్రీలోనూ నా పరీక్ష ఉన్న రోజు ఆ వరసలో ఆయన ఉండేవారు. ఉద్యోగం వచ్చిన రోజు ఈ పలక నా చేతిలో పెట్టారు. ఆయనకు మట్టి ఇవ్వడానికి మగవాళ్లు వెళ్లిన రోజు నేను ఆడవాళ్లతో వాళ్లింటి దగ్గరే ఉండి, ఆ గోడ నీడనే తలుచుకున్నాను.

ఈరోజు క్లాసులో ఒకటి దగ్గరి చుక్క చెరిపి కూడమన్నాను. పిల్లలు కూడారు. ఎటు వాలాయని అడగబోయి పుస్తకం మూసేశాను. గంట కొట్టారు. పలక సంచిలో వేసుకుని గడప దాకా వచ్చేశాను.

ముందు బెంచీలోని అమ్మాయి, “మేడం, చుక్క పెట్టలేదు” అంది.

వెనక్కి వెళ్లి, పలక బల్ల మీద పెట్టి, బలపం పట్టుకున్నాను. ఈసారి నా బదులు పెట్టేందుకు ఎవరూ లేరు. పెట్టాను.