ఒక మెషిన్, ఇద్దరం

సింగపూర్‌లో ఐటీ జాతరగా సాగుతున్న రోజులవి. మా కంపెనీ మాత్రం పిసినారి. ఆఫీసులోని పాత యూనిక్స్ కంప్యూటర్ చూసుకోవడానికి ఒక ఆంటీ ఉండగానే ఇండియా నుంచి నన్ను తెచ్చుకున్నారు. ప్రొబేషన్ అయ్యాక ఒక్కరినే ఉంచుతామని మేనేజర్ ఇద్దరికీ మొహం మీదే చెప్పేశాడు. ఉద్యోగం పోతే, ఆ దేశంలో ఉండనిచ్చే నా వర్క్ పాస్ కూడా పోయినట్టే.

ఆంటీ ముత్తాతలు ఎప్పుడో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలగలిసి ఉండేవి; మాట చివర అక్కడివాళ్లలా ఊరికే ఒక "లా" తగిలించేది.

మొదటి వారమే తగువు. మెషిన్ గదిలో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పడి ఉంటే, చెత్తబుట్టలో పారేసి కూర్చున్నాను.

"ఏమ్మా, నేను చోప్ చేసిన సీటు లా అది!"

"చోప్ ఏంటండీ?"

"టిష్యూ పెడితే సీటు మనదని. హాకర్ సెంటర్‌లో, తిండి కొట్ల దగ్గర చూడలే?"

"మా గుడివాడ బస్సులో కర్చీఫ్ వేస్తాం. అదైనా కాస్త కనబడుద్ది!" అన్నాను రోషంగా.

ఆవిడ పడీపడీ నవ్వింది. నన్ను నా టేబుల్ దగ్గరికి లాక్కెళ్లి, అక్కడి నుంచే ఆ మెషిన్‌లోకి ఎలా వెళ్లాలో చూపించింది. ఒకేసారి ఎందరైనా పని చేసుకోవచ్చట.

"మరి మీరు ఆ కుర్చీ కోసం కొట్లాడతారేం?"

"ఆ గదిలో ఏసీ బాగుంటది లా."

అబ్బ, ఎంత బాగా నేర్పిందో! మధ్యాహ్నం "మకాన్ అయ్యిందా?" అని భోజనం సంగతి అడుగుతూ వచ్చి పక్కన కూర్చునేది. టెలిఫోన్ కంపెనీ ల్యాబులో పుట్టిన యూనిక్స్‌ని కాలిఫోర్నియాలో యూనివర్సిటీ కుర్రాళ్లు తీసుకుని, దానికి నెట్‌వర్కు భాష నేర్పి, సోర్సు కోడ్‌తో సహా టేపుల మీద పంచారని సొంత తమ్ముళ్ల గొప్ప చెప్పినట్టు చెప్పేది. ఇవాళ నా చేతిలోని ఫోన్‌లోనూ ఆ వంశమే ఉంది. ఈవిడ తన గొయ్యి తనే తవ్వుకుంటోందేమిటని అప్పట్లో నాకు ఒకటే చిరాకు.

చివరికి జీతం తక్కువని నన్నే ఉంచారు.

ఆవిడ సామాను సర్దుకుంటుంటే వెళ్లి నిలబడ్డాను. "ఇలా అవుతుందని తెలిసే నేర్పారా ఆంటీ?"

"తెలుసు లా. నీ పని పోతే నువ్వు దేశమే విడిచి పోవాల. నేనైతే హౌగాంగ్‌లో మా ఫ్లాట్‌కి పోతాను, అంతే కదా."

ఆవిడ చెయ్యి పట్టుకుని భోరుమన్నాను.

"ఏడుపు తర్వాత. ముందు మెషిన్‌లో నా అకౌంట్ తీసెయ్. మనిషి వెళ్లాక ఉంచకూడదు. ఇప్పుడది నీ పని."

పక్కన నిలబడి చూసింది. ఆవిడ నేర్పిన కమాండ్‌తోనే ఆవిడ పేరు తీసేశాను.